గెలిచిన తెల్లారే ఇంటికి పంపిన్రు: విసెంటె డెల్ బోస్కే కథ

2003 జూన్ 22 రాత్రి రియల్ మాడ్రిడ్ స్పెయిన్ లీగ్ గెలిచింది. క్లబ్‌కు అది 29వ లీగ్. తెల్లారంగనే ఆ జట్టు కోచ్‌కు కబురు అందింది: ఒప్పందం పొడిగించేది లేదని. మూడున్నరేండ్లల్ల ఏడు కప్పులు తెచ్చిన మనిషి ఆయన. పేరు విసెంటె డెల్ బోస్కే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఫుట్‌బాల్ అంటె మెస్సీ, రొనాల్డో రీల్స్ మనందరం చూస్తం. ఈయన రీల్స్ దొరకుడు కష్టం. బొద్దు మీసాలు, నెమ్మది మాట, లైన్ పక్కన నిలవడి అరిసుడు లేదు. కానీ ప్రపంచ కప్పు, యూరో కప్పు, ఛాంపియన్స్ లీగ్ మూడూ గెలిచిన మొదటి కోచ్ ఈయననే. పని చేసెటోడు ఒకడు, పేరు కొట్టేసెటోడు ఇంకొకడు అయిన ఈ కాలంల ఈయన బతుకు తెలుసుకోవాలె.

రైల్వే కార్మికుని కొడుకు

డెల్ బోస్కే 1950 డిసెంబర్ 23న సలమాంకాల పుట్టిండు. తండ్రి రైల్వేల చిన్న ఉద్యోగి. రాచరికం వద్దనే రిపబ్లికన్ ఆలోచన ఉన్నోడు. స్పెయిన్ అంతర్యుద్ధం కాలంల అందుకే జైలు పాలైండు. డెల్ బోస్కే పుట్టేనాటికి దేశం ఫ్రాంకో నియంతృత్వం కింద ఉండె. ఆ ఇంట్ల రాజకీయం ఉన్నది, గని నోరు విప్పే దారి లేదు.

పదిహేడేండ్లకు రియల్ మాడ్రిడ్ కుర్రోళ్ల జట్టుల చేరిండు. మొదట్ల అరువు మీద కాస్టెయోన్ అనే చిన్న క్లబ్‌కు పంపిన్రు. 1973ల ఆ చిన్న జట్టు కింగ్స్ కప్ ఫైనల్ దాంక పోయింది. ఆ ఫైనల్‌ల ఈయన ఆడిండు. ఓడిపోయిన్రు, గని మాడ్రిడ్ ఈయనను వాపస్ పిలిచింది.

అటెన్క 1984 దాంక మాడ్రిడ్ మిడ్‌ఫీల్డ్‌ల ఆడిండు. ఉరుకుడు తక్కువ, ఆలోచన ఎక్కువ. బంతిని ఎవరికి ఎప్పుడు ఇయ్యాలెనో తెలిసిన ఆట. అయిదు లీగ్‌లు, నాలుగు కింగ్స్ కప్‌లు గెలిచిండు. స్పెయిన్ తరఫున 18 మ్యాచ్‌లు ఆడిండు.

గప్పట్ల స్పెయిన్ క్లబ్బులు ఒప్పందం అయిపోయినా ఆటగాన్ని పోనియ్యకుంట పట్టి పెట్టుకునేటివి. ఒక తీరు వెట్టి అన్నట్టే. దీని మీద కొట్లాడనీకి 1978ల ఆటగాళ్లు సంఘం కట్టుకున్నరు. 1979ల మొదటిసారి సమ్మె చేసిన్రు. ఆ సంఘం కట్టిన తరంల డెల్ బోస్కే సుత ఉన్నడు.

పదిహేనేండ్లు తెర వెనుక

ఆట ఆపినంక పెద్ద కుర్చీ కోసం ఎగబడలేదు. మాడ్రిడ్ కుర్రోళ్లకు ఆట నేర్పిచ్చే పనిల పడ్డడు. కోచ్‌ను తీసేసినప్పుడల్ల క్లబ్ ఈయనను పిలిచి ఖాళీ నింపేది: 1994ల కొన్ని మ్యాచ్‌లు, 1996ల ఒక్క మ్యాచ్. కొత్త కోచ్ రాంగనే మళ్లీ పిల్లల కాడికి పోయెటోడు.

1999 నవంబర్‌ల మళ్లీ గట్లనే పిలిచిన్రు. ఈసారి ఆరు నెలలల్ల, 2000 మేల, పారిస్‌ల వాలెన్సియాను 3-0తోని ఓడగొట్టి ఛాంపియన్స్ లీగ్ తెచ్చిండు. 2002ల గ్లాస్గోల మళ్లీ తెచ్చిండు. జిదాన్ గాలిలోని బంతిని ఎడమ కాలుతోని కొట్టిన గోల్ ఆ ఫైనల్‌దే. జిదాన్, ఫిగో, రొనాల్డో, రౌల్ అసొంటి పెద్ద పెద్ద పేర్లను ఒక్క గదిల లొల్లి లేకుంట నడిపిచ్చుడే ఈయన పనితనం.

మరి ఎందుకు పంపిన్రు? ఈయనది పాత తీరు, మాకు ఆధునికమైన కోచ్ కావాలెనన్నడు క్లబ్ అధ్యక్షుడు ఫ్లోరెంటినో పెరెజ్. ఏరు దాటినంక తెప్ప తగులవెట్టుడంటె ఇదే. అదే ఎండకాలం బెక్‌హమ్‌ను కొన్నరు. మధ్యల నిలవడి అందరి బరువు మోసిన మకలేలే జీతం పెంచమంటె పెంచలే, ఆయన చెల్సీకి పోయిండు. ఫలితం? మూడేండ్లల్ల అయిదుగురు కోచులు మారిన్రు. లీగ్ లేదు, కింగ్స్ కప్ లేదు, ఛాంపియన్స్ లీగ్ లేదు.

శత్రువులను ఒక్క జట్టు చేసుడు

తుర్కియేల బెషిక్తాష్‌కు పోతె అక్కడ ఎక్కువ కాలం నడవలే. 2008ల స్పెయిన్ జట్టు చేతికొచ్చింది. అప్పుడే లూయిస్ అరగోనెస్ యూరో గెలిపిచ్చి పోయిండు. కొత్త కోచ్ అంటె పాతదంత కూలగొట్టి తన ముద్ర ఏసుకుంటడు కద. ఈయన ఆ పని చెయ్యలే. ఉన్న పునాదిని కాపాడుకున్నడు.

మాడ్రిడ్, బార్సిలోనా వైరం ఆటతోని ఆగేది కాదు. అండ్ల ప్రాంతం, భాష, చరిత్ర అన్నీ ఉన్నయి. డెల్ బోస్కే బతుకంత మాడ్రిడ్‌దే. అయినా 2010 ప్రపంచ కప్పు ఫైనల్‌ల మొదటి పదకొండు మందిల ఆరుగురు బార్సిలోనాల ఆడేటోళ్లు, ముగ్గురే మాడ్రిడ్ వాళ్లు.

ఆ కప్పుల మొదటి మ్యాచే స్విట్జర్లాండ్ చేతిల 0-1తోని ఓడిన్రు. బుస్కెట్స్‌ను తియ్యుమని అంత ఒర్రిన్రు. ఈయన తియ్యలే. నాకౌట్‌ల నాలుగు మ్యాచ్‌లూ 1-0 తోనే గెలిచిన్రు. జులై 11న జొహన్నెస్‌బర్గ్‌ల నెదర్లాండ్స్ మీద 116వ నిమిషంల ఇనియెస్టా గోల్ కొట్టిండు. నడిమిట్ల దింపిన నవాస్, టోరెస్, ఫాబ్రెగాస్ ముగ్గురి కాళ్లూ ఆ గోల్ ఎత్తుగడల ఉన్నయి. స్పెయిన్‌కు అది మొదటి ప్రపంచ కప్పు. 2012 యూరో ఫైనల్‌ల ఇటలీని 4-0తోని కొట్టిన్రు.

తప్పులు లేవా అంటె ఉన్నయి. గెలిపిచ్చినోళ్లను ఇడిసిపెట్టలేని గుణమే 2014ల ముంచింది. నెదర్లాండ్స్ 5-1తోని చితకగొట్టింది, చిలీ 2-0తోని ఇంటికి పంపింది. 2016 యూరోల ఇటలీ చేతిల ఓడినంక పదవి ఇడిసిండు. ఇంకో మాట సుత దాయొద్దు: రిపబ్లికన్ కొడుకైన ఈయన 2011ల రాజు ఇచ్చిన మార్కీస్ బిరుదు తీసుకున్నడు. అది మెచ్చాల్నా, ప్రశ్నించాల్నా అనేది మీ ఇష్టం.

2024ల స్పెయిన్ ఫుట్‌బాల్ సమాఖ్య కుంభకోణాల్ల మునిగితె, దాని మీద నిఘాకు ప్రభుత్వం కమిటీ ఏసింది. అధ్యక్షునిగ ఎవరిని పిలిచిన్రు? 73 ఏండ్ల డెల్ బోస్కేను. ఆధునికం కాదని ఇంటికి పంపిన ఇరవై ఒక్క ఏండ్లకు, నమ్మకం కావాల్సి వచ్చినప్పుడు దేశం ఆయన తలుపే కొట్టింది.

మీరు సంఘం కట్టినా, టీం కట్టినా, ముందుగాల ఒకటి చూడుండ్రి. ఫొటోల నడుమ నిలవడేటోడు ఎవడు అని కాదు, పది మందిని ఒక్కతాన నిలిపేటోడు ఎవడు అని. అసొంటోనికి దక్కాల్సిన జీతం, మర్యాద దక్కుతున్నయా అని సుత అడుగుండ్రి.