బల్లమీది పాడుపట్టణము

నాలుగడుగుల చదరపు బల్ల. దానిపై రెండు వీధులు కలియు కూడలి, మూలన ఒక కిరాణా అంగడి, ఎదుట పెట్రోలు బంకు, నడిమధ్య తలుపులు తెరచి విడిచిపెట్టిన కారు. అంగడి కిటికీలకు అడ్డదిడ్డముగా చెక్కలు కొట్టియున్నవి. ఆ వీధిలో తిరుగువారందరు అంగుళముకంటె కొంచెము ఎత్తున్న బొమ్మలు. వారిలో నలుగురు మాత్రమే బ్రతికియున్నవారు. తక్కిన ముప్పదిమంది చచ్చి లేచినవారు. పాచికలు వేసి, కొలబద్దతో దూరములు కొలిచి, ఈ నలుగురిని క్షేమముగా కూడలి దాటించుటయే ఆట. ఇంగ్లండులోను అమెరికాలోను దీనిని జాంబీ ఆట యందురు. ఆ అంగడి, ఆ బంకు, ఆ వీధి పెక్కు ఇండ్లలో ఆటగాడు తన చేతితో చేసికొన్నవే. బిస్కట్ల డబ్బా అట్ట, పారవేసిన థర్మోకోల్, తెల్లబంక, గుప్పెడు ఇసుక ఉన్న చాలును. ఈ చేతిపనికి రెండు శతాబ్దముల చరిత్ర కలదు. అది ఒక రాజభవనమున మొదలైనది.

1812వ సంవత్సరమున ప్రష్యా రాజగు మూడవ ఫ్రెడరిక్ విలియమునకు రైస్విట్జ్ అను బారన్ ఒక బల్లను సమర్పించెను. ఈయన సేనాని కాడు. సివిల్ కొలువులోని ఉద్యోగి. అంతకుముందు ఇసుకను కుప్పలు పోసి, కొండలు లోయలు దిద్ది, దానిపై యుద్ధక్రీడను రాకుమారులకు చూపియుండెను. రాజు తానును చూడగోరెను. రాజు ముందర ఇసుక పోయుట మర్యాద కాదని తోచి, రైస్విట్జ్ సొరుగులు గల పెద్దబల్ల నొకటి చేయించి, ప్లాస్టరుతో పోతపోసి రంగులు వేసిన చదరపు బిళ్లలను అందు నింపెను. ఒక బిళ్లపై నది, ఒకదానిపై బాట, ఒకదానిపై పల్లె, మరియొకదానిపై అడవి. బిళ్లలను మార్చి కూర్చినకొలది కొత్త దేశము పుట్టును. నేడు అంగళ్లలో అమ్ముచున్న వీధి పలకలకు పెద్దతాత ఈ ప్లాస్టరు బిళ్లయే యని మా యభిప్రాయము.

1824లో రైస్విట్జ్ కుమారుడు ఈ ఆటను సంస్కరించెను. ప్లాస్టరు కొండలను తీసివేసి, వాని స్థానమున నిజమునకు ఎనిమిదివేలవ వంతుగా గీసిన సైనిక పటములను పరచెను. ప్రష్యా సైన్యపు పెద్దలు మెచ్చుకొని దానిని పటాలములకు పంపిరి. సైన్యమునకు అది లాభమే. కాని కొండ ఒక గీత అయ్యెను, అడవి ఒక రంగు అయ్యెను. చేతితో చేసిన భూమి పెద్దల ఆటనుండి తొలగి పిల్లల గదులలో దాగినది. దానిని మరల వెలికి తెచ్చినవారు ఇద్దరు రచయితలు.

మొదటివాడు ఆర్. ఎల్. స్టీవెన్‌సన్. ఊపిరితిత్తుల జబ్బుతో ఆయన 1880 నుండి 1882 వరకు రెండు శీతకాలములు స్విట్జర్లాండులోని డావోస్ అను కొండయూర గడపెను. భార్యకు మొదటి భర్తవలన కలిగిన కుమారుడు లాయిడ్ ఆస్‌బర్న్ అప్పటికి పండ్రెండు పదమూడేండ్లవాడు. ఇద్దరును అటకపై నేలమీద రంగు సుద్దలతో కొండలు, నదులు, ఊళ్లు, వంతెనలు, రెండు తరగతుల బాటలు గీసి, సీసపు సిపాయిలతో దినములకొలది యుద్ధములు నడిపిరి. ఈ ముచ్చటను లాయిడ్ పెద్దవాడైన పిదప 1898లో ఒక అమెరికన్ పత్రికలో వ్రాసెను. బాటలకు తరగతులు పెట్టుట గమనింపదగినది. మంచిబాటపై సేన వేగముగా పోవును, చెడుబాటపై మెల్లగా పోవును. అనగా సుద్దగీత అప్పుడే ఆటనియమ మైనది.

రెండవవాడు హెచ్. జి. వెల్స్. 1911లో నేలమీది ఆటలను గూర్చి ఒక చిన్నపుస్తకము, 1913లో 'లిటిల్ వార్స్' అను మరియొకటి వెలువరించెను. కొయ్య ఇటుకలు, పలకలు, తోటలోనుండి త్రుంచి తెచ్చిన రెమ్మలు ఇవి ఆయన దేశమునకు ముడిసరకులు. ఆయన పెట్టిన నియమములలో ఒకటి మాకు మిక్కిలి నచ్చినది: ఒక ఆటగాడు దేశమును అమర్చవలెను, రెండవవాడు తాను ఏ వైపు నిలిచి పోరాడునో ఎంచుకొనవలెను. రొట్టెను ఒకడు కోసినచో ముక్కను రెండవవాడు ఎంచుకొనుట వంటి న్యాయమిది. కొండను ఎక్కడ పెట్టుదుము, పొదను ఎక్కడ నాటుదుము అనునది జయాపజయములను నిర్ణయించునని వెల్స్ బాగుగా గ్రహించెను. నిజమైన యుద్ధముకంటె ఈ బొమ్మల యుద్ధము ఎంత మేలో చూడుడని ఆ పుస్తకమున లోకమునకు హితవు చెప్పెను. మరుసటి సంవత్సరము ఆగస్టులో ఐరోపా యంతయు నిజమైన యుద్ధములో మునిగెను.

రెండవ ప్రపంచయుద్ధానంతరము ఈ ఆట మరల చిగిర్చెను. 1957లో అమెరికాలో జాక్ స్క్రూబీ ఆటగాండ్రకొరకు ఒక చిన్నపత్రిక ప్రారంభించెను. ఇంగ్లండులో డొనాల్డ్ ఫెదర్‌స్టన్ 1962లో 'వార్ గేమ్స్' అను గ్రంథమును ప్రచురించెను. ఆయన ట్యాంకు దళములో నిజమైన యుద్ధము చేసి వచ్చినవాడు. ఆ కాలపు బల్లలపై పచ్చికకు రంపపుపొట్టుకు పచ్చరంగు అద్ది చల్లెడివారు. పొదలకు ఉత్తరదేశముల నాచును ఎండబెట్టి రంగువేసి వాడెడివారు. రంపపుపొట్టు, బంక అనగానే తెలుగువారికి కొండపల్లి జ్ఞప్తికి వచ్చును. తెల్లపొణికి కొయ్యతో చేసిన అంగములను అతికించుటకు అచ్చటి పనివారు వాడు మక్కు, చింతగింజల పొడిని రంపపుపొట్టుతో కలిపి చేసినదే గదా. ఇరువురి మధ్య సంబంధ మేమియు లేదు. చేతికి దొరకినది ఒకటే యగుటచే ఉపాయమును ఒకటే యైనది.

ఇంతలో ఒక కొత్త చెత్త పుట్టెను. రేడియోలు, టెలివిజన్లు దెబ్బతినకుండ పెట్టెలలో ఇమిడ్చి పంపు తెల్లని థర్మోకోల్ ఇంటింటికి చేరసాగెను. సామాను బయటికి తీసిన పిదప దానితో ఎవరికి పని? ఆటగాండ్రకు మాత్రము అదియే కొండ యయ్యెను. తేలికగా నుండును, కత్తికి తెగును, కాల్చిన సన్నతీగకు వెన్నవలె లొంగును. వాలుమీద బొమ్మలు నిలువక జారిపడును గనుక కొండను మెట్లుమెట్లుగా కోయుదురు. చూపునకు అది కొండవలె నుండదు, ఆటకు మాత్రము సరిపోవును. ఈ పనిలో అందమునకును అవసరమునకును తగవు ఎప్పుడును ఉన్నదే.

ఇక చచ్చి లేచినవారి సంగతి. మనకు బేతాళుడు తెలియును. శవములో ప్రవేశించి, విక్రమార్కుని భుజమెక్కి, కథ చెప్పి, చిక్కు ప్రశ్న వేయును. జాంబీకి కథయు లేదు, ప్రశ్నయు లేదు. ఆ మాట హైతీ ద్వీపమునుండి వచ్చినది. చెరకుతోటలలో బానిసలుగా మగ్గినవారి సంతతి నోట, చచ్చియు చాకిరి తప్పనివాడు అని దాని అర్థము. 1929లో విలియం సీబ్రూక్ వ్రాసిన యాత్రాగ్రంథము, 1932లో వచ్చిన 'వైట్ జాంబీ' చిత్రము దానిని అమెరికాకు పరిచయము చేసెను. నేటి ఆటలలోని జాంబీ మాత్రము 1968లో జార్జి రొమేరో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' చిత్రములో పుట్టినది.

ఆ చిత్రమును గూర్చి రెండు విషయములు మన కథకు ముఖ్యములు. పెన్సిల్వేనియాలో వారు చిత్రీకరించిన పల్లెయిల్లు కూల్చివేతకు సిద్ధముగా నున్న పాతకొంప. కథలోని మనుష్యులు చేయు యుద్ధమంతయు తలుపులు ఊడబెరికి, మేజాబల్లలు విరిచి, కిటికీలకు మేకులు కొట్టుటయే. ఇక రెండవది: చిత్రము పేరు మార్చినపుడు స్వామ్యమును తెలుపు వాక్యము తెరపై పడకపోయెను, ఆనాటి అమెరికా చట్టము ప్రకారము చిత్రము లోకుల సొత్తయ్యెను. తీసినవారికి అది తీరని నష్టము. కాని ఆ నడచు శవములను ఎవ్వరైనను తమ చిత్రములలోనికి, కథలలోనికి, ఆటలలోనికి తెచ్చుకొనుటకు అడ్డు లేకపోయెను. 1978లో రొమేరో రెండవ చిత్రమును మన్రోవిల్ అనుచోట ఒక పెద్ద అంగళ్ల సముదాయములో, అంగళ్లు మూసిన పిదప రాత్రులందు తీసెను. పల్లెయిల్లు, అంగడి అను ఈ రెండును నాటినుండి జాంబీ ఆటలకు స్థిరమైన రంగస్థలము లయ్యెను.

అచ్చటనే చేతిపని స్వభావము మారినది. నెపోలియను సేనలకు కొండ, వాగు, తోపు ఉన్న చాలును. జాంబీకి తుపాకి లేదు, గుర్రము లేదు, సేనాపతి లేడు. అది మెల్లగా నడచి వచ్చును, అంతే. కావున బ్రతికినవాని ఆయుధము గోడ. తలుపు మూసియున్నదా, తెరచియున్నదా. కిటికీనుండి వీధి చివర కనబడునా. కారు చాటున ఇద్దరు దాగగలరా. తుపాకి ప్రేల్చినచో ఆ చప్పుడు ఏ సందులోని శవములను రప్పించును? ఈ ప్రశ్నలకు జవాబు నియమపుస్తకములో సగమే యుండును. తక్కిన సగము అట్టముక్కలలో నుండును. అందుచేత జాంబీ ఆటలో కట్టడము అలంకారము కాదు. దానిని చేయువాడు ఆటనే చేయుచున్నాడు.

పనితీరు చూతము. బొమ్మ ఎత్తు 28 మిల్లీమీటర్లు. దీనిని సుమారు 56వ వంతు కొలత యనుకొన్నచో రెండు మీటర్ల ద్వారము 36 మిల్లీమీటర్లగును. బొమ్మ అడుగున బిళ్ల కూడ నుండును గనుక పనివారు ఇంకొంచెము ఎత్తుగనే కోయుదురు. గోడలు అట్టతోనో థర్మోకోల్‌తోనో నిలుపుదురు. చేయి లోపలికి పోవలెను గనుక పైకప్పును అతికింపక ఊడదీయునట్లు ఉంచుదురు. ముడతల అట్టపెట్టె పైపొరను తడిపి ఒలిచినచో లోపలి గాడులు బయటపడును. బూడిదరంగు పూసినచో అది అంగడి షట్టరు. నల్లని గరుకు కాగితము తారురోడ్డు. ఐస్‌క్రీం పుల్లలు కిటికీ అడ్డుచెక్కలు. పిల్లలు ఆడి విడిచిన లోహపు కార్లకు స్పంజితో గోధుమరంగు అద్దినచో తుప్పుపట్టిన వాహనములగును. ఒక హెచ్చరిక: డబ్బానుండి చిమ్ము రంగును థర్మోకోల్‌పై నేరుగా కొట్టినచో అది కరగి గుంటలు పడును, ముందు తెల్లబంక పూత వేసి ఆరనీయవలెను. కాల్చిన తీగతో కోయునపుడు కిటికీలు తెరచియుంచుట ఆరోగ్యము.

మేము రేడియో నాటకములలో కొబ్బరిచిప్పలతో గుర్రమును పరుగెత్తించినవారము. శ్రోతకు చిప్ప వినబడదు, గుర్రమే వినబడును. ఈ పనియు అట్టిదే. అయితే జాంబీ బల్లకు ఒక అదృష్టము కలదు. కోట చేయవలెనన్న చెత్త కోటగా నటింపవలెను. పాడుపడిన ఊరు చేయవలెనన్న చెత్త చెత్తగానే నిలిచిన చాలును. వంకరగా తెగిన గోడ కూలిన గోడ యగును. బంక కారిన మరక వానమరక యగును. చేయి తిరుగనివాడు కూడ మొదటినాడే సిగ్గుపడకుండ బల్లపై పెట్టదగిన వస్తువు చేయగలడు. ఈ ఆట ఇన్ని ఇండ్లలో ప్రవేశించుటకు ఇది ఒక ముఖ్యకారణ మని మేము తలంచుచున్నాము.

వర్తకులును ఊరకుండలేదు. ఇంగ్లండులోని గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ 1987లో వార్‌హామర్ 40,000 అను ఆటను వెలువరించెను. చంకలకు రాచుకొను సుగంధద్రవ్యపు ఖాళీ డబ్బాతో యుద్ధవాహనము చేయు విధమును ఆ తొలిదినములలో ఆ సంస్థయే నేర్పెను. 1996లో రంగస్థలములు చేసికొను విధమునకే ప్రత్యేకముగా ఒక పుస్తకము ప్రచురించెను. పిమ్మట అదే సంస్థ ప్లాస్టిక్ శిథిలములను పెట్టెలలో పెట్టి అమ్మసాగెను. 2001లో వచ్చిన 'జాంబీస్', 2012లో వచ్చిన 'జాంబిసైడ్' అను ఆటలలో వీధులు అచ్చువేసిన అట్టపలకలు. రైస్విట్జ్ బిళ్లలు మరల వచ్చినట్లే. ఆ పిదప లేజరు కిరణముతో కోసిన చెక్కయిండ్లు వచ్చెను. 2005లో ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయమున ఆరంభమైన రెప్‌రాప్ పథకము, 2009లో తీరిన ఒక పేటెంటు కలిసి త్రిమితీయ ముద్రణయంత్రమును ఇంటిబల్లపైకి తెచ్చెను. ఇప్పుడు ఇల్లు కావలెనన్న మీట నొక్కిన చాలును, తెల్లవారుసరికి తయారగును.

వీనిని నిందించుట మా యుద్దేశము కాదు. వ్రేళ్లు వణకువారికి, తీరిక లేనివారికి ఆ యంత్రము చేయు మేలు చిన్నది కాదు. కాని కొన్న యిల్లు ఎవరిదో ఒక ఊరిలోనిది. చేసికొన్న యిల్లు చేసినవాని వీధిలోనిది. అంగడి చేయబూనినవాడు తన మూలమీది అంగడి దగ్గర నిలిచి, తలుపు ఎటు తెరచుకొనునో, బల్ల ఎక్కడ నున్నదో, వెనుక దారి కలదో లేదో చూచును. పదేండ్లు ఆ త్రోవనే నడచినను చూడనిది, పాడుపడినట్లు చేయబూనినపుడు చూచును. 2020లో అంటువ్యాధి వలన దేశదేశముల వీధులు నిర్మానుష్యములై, అంగళ్ల షట్టర్లు వారములకొలది దిగియుండినపుడు, పెక్కుమందికి తమ వీధి మొదటిసారి అట్లు కనబడినది. ఈ పనివారు దానిని అంతకుముందే అట్టతో చేసి, షట్టరు దించి, చెక్కలు కొట్టి, దానిగుండ నలుగురిని దాటించుటకు పాచికలు వేయుచుండిరి.

యంత్రము ముద్రించిన యింటిని తెచ్చుకొన్నవారిలోను, దాని కిటికీలకు ఐస్‌క్రీం పుల్లలు విరిచి చేతితోనే అతికించువారు కలరు.