మణిమయ గ్రంథము – మూడు జన్మలు

తాళపత్ర గ్రంథముల చివర లేఖకులు వ్రాయు ప్రార్థన యొకటి కలదు. అందు పుస్తకమే నోరు తెరచి నూనెనుండి, నీటినుండి, సడలిన కట్టునుండి తన్ను రక్షింపుమనియు, మూర్ఖుని చేతికి ఈయవలదనియు వేడుకొనును. అందు చెప్పిన నీటి భయము ఎంత యథార్థమో తెలుపు వృత్తాంతము ఆంగ్లదేశమున జరిగినది.

పారసీక దేశమున నిషాపూరు నగరమునకు చెందిన ఒమర్ ఖయ్యాం గణితజ్ఞుడు, ఖగోళవేత్త. జలాలీ పంచాంగ నిర్మాణమున పాల్గొన్నవాడు. ఆయన పేర ప్రసిద్ధములైన రుబాయీలను ఎడ్వర్డ్ ఫిట్జ్‌జెరాల్డ్ 1859లో ఆంగ్లమున వెలువరించెను. తొలుత కొనువారు లేక ఆ చిన్న పుస్తకము లండన్‌లో ఒక్క పెన్నీకి అమ్ముడుపోయెను. అర్ధశతాబ్దము గడచునప్పటికి అదే కావ్యమునకు రత్నకవచము సిద్ధమయ్యెను.

1909లో సదరన్ అను పుస్తక విక్రయశాల ఆ పనిని సంగోర్స్కీ, సట్‌క్లిఫ్ అను బైండింగు శిల్పులకు అప్పగించెను. ఎలిహు వెడర్ చిత్రములతో 1884లో అచ్చైన పెద్ద ప్రతిని తీసికొని, ఫ్రాన్సిస్ సంగోర్స్కీ రెండేండ్లు శ్రమించి 1911లో అలంకరణమును ముగించెను. పై అట్టమీద పురి విప్పిన నెమళ్లు మూడు. పొదిగిన రత్నములు వేయికి పైబడినవి. లోపలి అట్టలపై ఒకవైపు చెట్టును చుట్టిన సర్పము, వేరొకవైపు మానవ కపాలము. వైభవమును మృత్యువును ఒకే చర్మముపై నిలిపిన శిల్పమది.

దానికి నిర్ణయించిన వెల 1,000 పౌండ్లు. అమెరికాకు పంపగా సుంకపు తగవు వలన తిరిగి వచ్చెను. 1912 మార్చి 29న వేలములో గేబ్రియల్ వెల్స్ అను అమెరికా పుస్తక వర్తకుడు 405 పౌండ్లకే దక్కించుకొనెను. దక్కెనన్న మాటయే కాని, అతని చేతికి చేరలేదు. ఏప్రిల్ 15న టైటానిక్ నౌకతో పాటు సముద్రగర్భమున కలిసెను. మూడు మాసములు నిండకమునుపే సంగోర్స్కీయు సముద్రస్నానమునకు పోయి మునిగి మరణించెను.

సట్‌క్లిఫ్ మేనల్లుడు స్టాన్లీ బ్రే 1930లలో అట్టి ప్రతినే మరల నిర్మించెను. యుద్ధభయముచే దానిని లండన్‌లోని భద్రకోశమున దాచిరి. 1941 నాటి బాంబుదాడిలో అదియు నశించెను. రత్నములు మాత్రము మిగిలెను. వానిలో పెక్కింటిని మరల పొదిగి, బ్రే తన వార్ధక్యమున మూడవ ప్రతిని 1989లో పూర్తిచేసెను. అది నేడు బ్రిటిష్ లైబ్రరీలో నున్నది.

ఈ విపత్తులకు నెమలి అపశకునమే కారణమని పాశ్చాత్యులు కొందరు భావించిరి. స్కందుని వాహనమునకు ఈ నింద తగదు. మంచుగడ్డలు గల సముద్రమున వేగము తగ్గించని నౌకకు అట్టమీది బొమ్మ బాధ్యత వహింపదు.

ఇంతకును ఆ గ్రంథమునకు స్వామి యెవరు? చేయించినవాడా, చేసినవాడా, కొన్నవాడా? ధనమెవరిదని ఈశావాస్యోపనిషత్తు ఆదిలోనే హెచ్చరించినది ఇందుకే. గీతలో జీర్ణవస్త్రముల ఉపమానము ఇచట చక్కగా అన్వయించును. కట్టు వస్త్రము, కావ్యము దేహి. మొదటి కట్టు నీట మునిగెను, రెండవది నిప్పున కాలెను. కావ్యమునకు ఒక్క అక్షరమైనను లోపింపలేదు. విజయనగరమున ఆదిభట్ల నారాయణదాసు ఆ రుబాయీలను సంస్కృతమునకును అచ్చతెనుగునకును తెచ్చెను. దువ్వూరి రామిరెడ్డి ‘పానశాల’గా మలచెను. ఆ తెలుగు పాఠకులలో ఎవరికిని కెంపులు అవసరము కాలేదు.

అట్లైనచో బ్రే శ్రమ వ్యర్థమా? కాదు. రెండు ప్రతులు నశించుట యెరిగియు మూడవదానిని అదే శ్రద్ధతో ఆరంభించినవాడు ఫలము తన యధీనము కాదని ఎరిగియే చేసి యుండవలెను. దేహి నిత్యుడని దేహమును అనాదరింపరాదు. గురుముఖమున సంతగా వేదము నేర్చిన జాతియే తాళపత్రమునకు పసుపు పూసి, పట్టుగుడ్డ చుట్టి కాపాడినది. కట్టును రక్షించుట మన ధర్మము. అది మనదేయని తలచుట భ్రాంతి.