రెండు ప్రతులు, ఒక తెర

జమ్మికుంటలో మా అమ్మమ్మ చెప్పిన కతల్ని మేనమామ నోటుబుక్కులో రాసిపెట్టిండు. కాలేజీ రోజుల్లో వాటిని నేను టైపు చేసుకున్న. తర్వాత పుస్తకం వేద్దామని ఒక డీటీపీ షాపులో మళ్లీ టైపు చేయించినం. ఇప్పుడు నోటుబుక్కు చెదల పాలైంది. మిగిలినవి రెండు ఫైళ్లు. అవి ఒకటి కావు.

ఇది పాత తలనొప్పే. కడపలో పనిచేసిన సి.పి. బ్రౌన్ వేమన పద్యాల కోసం తాళపత్రాలు, రాతప్రతులు పోగుచేసి, పండితుల సాయంతో ఒకదాన్ని ఒకదానితో పోల్చి చూశాడు. 1829లో 693 పద్యాలు అచ్చువేశాడు. 1839 నాటికి అవి 1164 అయ్యాయి. ఒకే పద్యం ప్రతికో తీరుగ ఉంటే ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి? ఆ తగువు ఇప్పటికీ తెగలేదు.

యంత్రం చేత పోల్పించే పద్ధతుల్లో ఒకటి 1974లో వచ్చింది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెకిల్రాయ్ యూనిక్స్ కోసం 'డిఫ్' అనే ప్రోగ్రాం రాశాడు. దాని వెనకున్న లెక్కను జేమ్స్ హంట్‌తో కలిసి 1976లో వివరించాడు. రెండు ఫైళ్లలోనూ అదే వరుసలో వచ్చే పంక్తుల్ని వీలైనన్ని ఎక్కువ పట్టుకుని, మిగిలినదాన్ని తేడాగా చూపడం దాని పని. కాకపోతే అది చూపేది బాణపు గుర్తులు, అంకెలు. ప్రోగ్రామర్లకు చాలు, నాలాంటోళ్లకు కాదు.

అందుకే కంటికి ఆనే పనిముట్టు కోసం వెతికిన. విండోస్‌లో విన్‌మెర్జ్, లినక్స్‌లో మెల్డ్. రెండూ ఉచితమే. రెండు ఫైళ్లు పక్కపక్కనే తెరుచుకుంటాయి, తేడా ఉన్నచోట రంగు పడుతుంది. డిఫ్ పుట్టింది కోడ్ కోసం గనక దానికి పంక్తే కొలత. మన వచనంలో పేరా మొత్తం ఒకటే పంక్తి. ఒక్క అక్షరం మారినా పేరా అంతా రంగే! పంక్తి లోపల మారిన ముక్కను విడిగా ముదురు రంగులో చూపడం వల్లే ఇవి నాకు పనికొచ్చాయి.

తెలుగుకు ఇంకో తిప్పలుంది. షాపువాళ్ల ఫైలు అను ఫాంటులో ఉండె. దాన్ని ముందు యూనికోడ్‌లోకి మార్చకపోతే ఒక్క మాటా కలవదు. మార్చినంక కూడా కంటికి ఒకేలా ఉన్న 'సాఫ్ట్‌వేర్' రెండుచోట్లా వేరని చూపింది. పొల్లు తర్వాత కనపడని అక్షరమొకటి ఒకదాంట్లో ఉంది, ఇంకోదాంట్లో లేదు. (అమ్మమ్మ కతల్లో సాఫ్ట్‌వేర్ ఎక్కడిదంటారా? అది నా ముందుమాట.)

అసలు తేడాలు ఆ తర్వాత మొదలైనయి. నా ఫైలులో 'యాపచెట్టు', షాపు ఫైలులో 'వేపచెట్టు'. 'గట్లనే' అన్నచోట 'అలాగే'. టైపు చేసినోళ్లు మన భాషను 'దిద్దిండ్రు' అని మండిపడ్డ. ఇంకో పది పేజీలు కిందికి జరిపితే రంగు అటు మారింది. షాపు ఫైలులో 'వచ్చిండు' ఉంది. నా దాంట్లో 'వచ్చాడు'. దిద్దింది నేనే. బడిలో నేర్చిన చెయ్యి, నాకే తెలియకుండ.

మామకు ఫోన్ చేసిన.

"ఇందుల ఏది కరెక్టు మామా?"

"ఏమో బిడ్డా, నేను రాసేటప్పుడే కొన్ని సక్కగ రాసిన కావచ్చు."