పెరట్లోకి వలస వచ్చిన బంతి

దసరా తోరణాల్లో, సంక్రాంతి గొబ్బెమ్మల మీద కనిపించే బంతి మన పెరట్లో అనాదిగా ఉన్నదే అనుకుంటాం. వృక్షశాస్త్రం ఒప్పుకోదు. దాని పుట్టిల్లు మెక్సికో ప్రాంతం. అంటే 1492 తర్వాత సముద్ర వర్తకం కొత్త దారులు పట్టాకే బంతి ఇటు చేరగలిగింది. మరి పండుగలు అంతకన్నా పాతవి కదా అని అడగొచ్చు. ఆచారం పాతదైతే పువ్వూ పాతదే కానక్కర్లేదు. బతుకమ్మలో ఇప్పటికీ పెద్దపీట తంగేడుకూ గునుగుకూ. బంతి వాటి పక్కన చేరింది. మల్లె మొదటినుంచీ ఉన్నదే, కానీ అది వేసవి పువ్వు. తొలకరికి నాలుగు గింజలు చల్లితే బంతి దసరాకు అందుతుంది, మళ్లీ చల్లితే సంక్రాంతికీ. ఎండిన పువ్వులోనే మరుసటేటి విత్తనం. బంతి నిలదొక్కుకోవడానికి, నా లెక్కలో, విత్తనం కొనక్కర్లేకపోవడమే అసలు కారణం.