ఫైలుకూ వేలిముద్ర

అబిడ్స్ ఆదివారపు కాలిబాట అంగళ్ళలో, పాత పుస్తకాల నడుమ లినక్స్ సీడీ కంటబడితే, అది అసలుదేనా? రొనాల్డ్ రివెస్ట్ రూపొందించగా 1992లో ప్రచురితమైన ఎండీ5 ఎంతటి ఫైలునైనా 32 అక్షరాల ముద్రగా కుదిస్తుంది. తయారీదారు ప్రకటించిన ముద్రతో అది సరిపోలితే చాలు. ఫైలు పేరు మార్చినా ముద్ర మారదు. అందుకే అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తెలిసిన సాఫ్ట్‌వేర్ల ముద్రలను జాబితాకెక్కిస్తోంది. నేరపరిశోధకులు వాటిని పక్కకు తీసి, మిగిలిన ఫైళ్ళనే వెదుకుతారు.

2004లో వాంగ్ షియావోయున్ బృందం వేర్వేరు సమాచారాలకు ఒకే ఎండీ5 ముద్ర రప్పించింది. అయినా 2024 జూలై 1న అమలులోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమపు ధ్రువపత్రంలో ఎస్‌హెచ్ఏ256 సరసనే ఎండీ5కూ గడి ఉంది! అబిడ్స్‌ను ఆనుకొన్న నాంపల్లి క్రిమినల్ కోర్టులకు చేరే డిజిటల్ సాక్ష్యానికీ అదే పత్రం. ఉన్న ఫైలుకు నకిలీ జంటను పుట్టించడం ఇప్పటికీ దుస్సాధ్యమే, నిజమే. కానీ రెండు ఫైళ్ళనూ ముందే తానే సిద్ధం చేసుకొన్నవాడి సంగతేమిటి?