పద్దుకు అందని పని: వరంగల్ నగరపాలనలో బడ్జెట్, సామర్థ్యం

వరంగల్ మహానగరపాలక సంస్థ 2016లో మలవ్యర్థాల నిర్వహణకు నిబంధనలు తెచ్చింది. దేశంలో ఈ పనికి ముందుగా పూనుకున్న నగరాల్లో ఇదొకటి. హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ సాంకేతిక సాయం అందించింది. నగరంలో ఎక్కువ ఇళ్లకు సెప్టిక్ ట్యాంకే దిక్కు. అది నిండి పొంగితే బండిని పిలిచేవారు. తోడిన లోడును నాలాలో పోశారా, ఊరి బయట బీడులో పోశారా అని అడిగే నాథుడు లేడు. నిబంధనలు వచ్చాక బండ్లకు లైసెన్సు, పనివారికి శిక్షణ, రక్షణ సామగ్రి తప్పనిసరి అయ్యాయి. 2017లో అమ్మవారిపేటలో రోజుకు 15 వేల లీటర్లు శుద్ధి చేసే కేంద్రం మొదలైంది.

ఇక్కడ గమనించాల్సింది వరస. ముందు బాధ్యత ఎవరిదో తేలింది, తర్వాత మనుషులు తయారయ్యారు, కట్టడం ఆ పైన వచ్చింది. మన ప్రభుత్వ పథకాల్లో ఇది సాధారణంగా తిరగబడి ఉంటుంది.

నాలాల సంగతి చూడండి. 2020 ఆగస్టు వరదల్లో హన్మకొండ కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. 2023 జులైలో మళ్లీ మునిగాయి. ఆక్రమణల సర్వే రెవెన్యూ వాళ్లది, పైనున్న చెరువు నీటిపారుదల శాఖది, పూడిక కార్పొరేషన్‌ది, లేఅవుట్ అనుమతుల్లో పట్టణాభివృద్ధి సంస్థకూ పాత్ర ఉంది. ఒకే నీటి దారి నాలుగు కార్యాలయాల ఫైళ్లలో ముక్కలైంది. నష్టం జరిగాక నిధులు వస్తాయి, గోడలు లేస్తాయి. ఏటా వానాకాలానికి ముందు చేయాల్సిన పని మాత్రం ఎవరి పద్దులోనూ పూర్తిగా కనిపించదు.

2016లో వరంగల్ స్మార్ట్ సిటీ జాబితాలో చేరింది. ఆ నిధుల కోసం విడిగా ఒక కంపెనీ పెట్టారు. పనులు వేగంగా సాగడానికి అది ఉపాయమే కావచ్చు. అయితే కట్టినవాటి కరెంటు బిల్లు, మరమ్మతు, కాపలా చివరికి కార్పొరేషన్ రెవెన్యూ ఖాతా మీదే పడతాయి. స్మార్ట్ సిటీ మిషన్ 2025 మార్చి 31తో ముగిసింది, నిర్వహణకు అలాంటి గడువేమీ ఉండదు.

2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ఒక చోట భిన్నంగా ఆలోచించింది. బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించమనడంతో ఆగకుండా, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలంది. ఖర్చుతో పాటు ఫలితాన్నీ అడిగింది. (బతికించే సిబ్బంది ఉన్నారా అన్నది వేరే ప్రశ్న.)

ఈ పద్ధతిని మిగతా పద్దులకూ విస్తరించవచ్చు. తోడిన లోడ్లలో అమ్మవారిపేటకు చేరినవి ఎన్ని, మే నెలాఖరుకు పూడిక తీసిన నాలా ఎన్ని కిలోమీటర్లు, గత ఏడాది కట్టినవాటి నిర్వహణకు ఈ ఏడాది ఎంత: ఈ మూడు అంకెలను బడ్జెట్ సవరించిన అంచనాల పక్కనే అచ్చువేసి, డివిజన్ల వారీగా కౌన్సిల్ ముందు పెట్టాలి. కొత్త టెండరు పిలిచే ముందు కార్పొరేటర్లు ఆ మూడో అంకెను అడగాలి.