బందరు రేవులో సుంకపు మినహాయింపులు

సుంకాలు తగ్గించి, ప్రత్యేక నిబంధనలతో వర్తకాన్ని ఆకర్షించే ప్రత్యేక ఆర్థిక మండలానికి భారతదేశంలో 2005 నాటి చట్టం ఆధారం కాగా, అవనిగడ్డకు చేరువలోని మచిలీపట్నం (బందరు) రేవులో దాని దూరపు పోలిక గోల్కొండ పాలనలోనే కనిపిస్తుంది. 17వ శతాబ్ది తొలినాళ్లలో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు ఇక్కడ గిడ్డంగి, నివాసం, లెక్కల కచేరీ కలిసిన వర్తక స్థావరాలను నెలకొల్పుకొని, కలంకారీ అద్దకాలతో సహా నూలుబట్టలను ఎగుమతి చేయసాగారు గాని, స్థానిక అధికారుల వసూళ్లు వారికి పెద్ద చిక్కయ్యాయి. సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా 1632లో జారీచేసిన 'బంగారు ఫర్మానా', అనగా రాజాజ్ఞాపత్రం, ఏడాదికి 500 పగోడాలు (ఆనాటి బంగారు నాణేలు) చెల్లించి రాజ్యపు రేవుల్లో స్వేచ్ఛగా వ్యాపారం చేసుకొనే హక్కును ఆంగ్ల కంపెనీకిచ్చింది. పేరుకు నియంత్రణ సుల్తానుదే. అయితే సరుకు ఎంత పెరిగినా పెరగని ఆ మొత్తం వల్ల లాభపడినది ఖజానా కాదు, కంపెనీయే.